గేముల్లో పిల్లలు అసలు ఏం నేర్చుకుంటున్నారు? (మంచా చెడా అన్న గొడవ వద్దు)

#1 బెజవాడ_అమ్మ (విజయవాడ)

అందరికీ నమస్తే. మా వాడు పది పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. ఖాళీ అంటే ఫోన్‌లో బీజీఎంఐ (పబ్జీకి ఇండియా వెర్షన్, తుపాకుల ఆట), వాళ్ళ నాన్న పాత ల్యాప్‌టాప్‌లో మైన్‌క్రాఫ్ట్ (దిమ్మలు పేర్చి కట్టుకునే ఆట). ఎన్ని గంటలు ఆడనివ్వాలి, కళ్ళు పాడవుతాయా అన్న చర్చ ఇక్కడ చాలాసార్లు అయింది, మళ్ళీ వద్దు. నాది వేరే ప్రశ్న.

మా ఇంట్లో హిందీ ఎవరికీ రాదు. వీడు కూడా "హిందీలో 20 వస్తే పాసే కదా" అన్న ధీమాతో లాక్కొచ్చినవాడే. ఈ మధ్య గదిలోంచి గడగడా హిందీ వినిపిస్తే టీవీ అనుకున్నా. వీడే. అవతల లక్నో కుర్రాడట. వాడితో వాదిస్తున్నాడు, జోకులేస్తున్నాడు, మధ్యలో బతిమాలుతున్నాడు కూడా. ఎవరు నేర్పారు?

గేమ్ వల్ల మీరో, మీ పిల్లలో, మీ విద్యార్థులో నేర్చుకున్నది ఏదో ఒకటి చెప్పండి. "ఏకాగ్రత పెరుగుతుంది", "టీమ్ వర్క్ వస్తుంది" లాంటివి మాత్రం వద్దు. అవి కోచింగ్ సెంటర్ కరపత్రాల్లోనూ ఉంటాయి. ఇదిగో ఇది అని చూపించగలిగేది కావాలి.

#2 పోచింకి_పోరడు (కరీంనగర్)

అక్కా, అది ర్యాండమ్ స్క్వాడ్ హిందీ. మన దోస్తులు ఆన్‌లైన్‌లో లేకపోతే గేమ్ మనల్ని ముక్కూ మొహం తెలియని ముగ్గురితో కలుపుతుంది. మైక్ ఆన్ చేస్తే ముగ్గురిదీ హిందీయే. "పీఛే సే ఆ రహా హై" (వెనకనుంచి వస్తున్నాడు), "ఛత్ పే ఏక్ హై" (మేడ మీద ఒకడున్నాడు), "నాక్ హో గయా, రివైవ్ దే" (పడిపోయా, లేపు). అర్థం కాకపోతే అర నిమిషంలో చచ్చి లాబీలో కూర్చోవాలి. అందుకే ముందు ఆగే, పీఛే, ఊపర్, నీచే వచ్చేస్తాయి. తర్వాత అంకెలు. ఆ తర్వాత బతిమాలడం, తిట్టడం. బడిలో మాకు మొదట లింగాలు, వచనాలు బట్టీ పట్టించారు. ఇక్కడ లింగం తప్పితే నవ్వుతారు, అంతే, ఆట ఆగదు.

ఒక్క చిక్కుంది. ఆ హిందీలో "ఆప్" (మీరు) ఉండదు, అంతా "తూ"నే (నువ్వు). మా రూమ్మేట్ ట్రైనింగ్‌కని పుణె వెళ్ళి మొదటిరోజే మేనేజర్‌ని "తూ బోల్" అన్నాడు. ఇప్పటికీ మేం వాడిని ఆ పేరుతోనే పిలుస్తున్నాం.

#3 గోదారి_గట్టు (రాజమహేంద్రవరం, రిటైర్డ్ హెడ్మాస్టర్)

అమ్మా, మీ సంతోషం మీద నీళ్ళు చల్లాలని కాదుగానీ కొంచెం నిదానించండి. ఆ అబ్బాయి చేత హిందీలో ఒక ఉత్తరం రాయించండి. పేపర్ ఇచ్చి నాలుగు వాక్యాలు చదివించండి. పైన తమ్ముడు చెప్పినదాన్ని బట్టి వచ్చింది ఆ ఆటకి కావలసిన రెండొందల మాటలు. రైల్వే స్టేషన్‌లో సామాన్లు మోసేవారికి నాలుగైదు భాషల్లో అన్ని మాటలూ వచ్చు. దాన్ని తక్కువ చేయడం లేదు. భాష వచ్చింది అనకండి అంటున్నాను.

నేను బడిలో చూసిందేమిటంటే, ఆటలో వచ్చిన చురుకు ఆటలోనే ఉండిపోతుంది. కబడ్డీలో ఎదుటివాడి కాలు ఎటు కదులుతుందో కనిపెట్టే కుర్రాడు జామెట్రీలో కోణం కనిపెట్టలేడు. వీడియో గేమ్ దీనికి మినహాయింపని ఎవరైనా నాకు చూపించండి.

#4 పోచింకి_పోరడు

మాస్టారూ, ఉత్తరం ఎవరు రాస్తున్నారు సార్ ఈ రోజుల్లో 🙂

#5 రెడ్‌స్టోన్_17 (ఒంగోలు, ఇంటర్ సెకండియర్)

నేను చూపిస్తా సార్. మైన్‌క్రాఫ్ట్‌లో రెడ్‌స్టోన్ అని ఒక ఎర్ర పొడి ఉంటుంది. నేల మీద వరసగా చల్లితే కరెంటు తీగలా పనిచేస్తుంది. మీట వేస్తే సిగ్నల్ 15 గడుల దాకా వెళ్ళి చచ్చిపోతుంది. ఇంకా దూరం పోవాలంటే మధ్యలో రిపీటర్ పెట్టాలి. రెడ్‌స్టోన్ టార్చ్ అని ఇంకోటుంది, అది తిరకాసుది. దాన్ని తగిలించిన దిమ్మకి కరెంటు వస్తే ఆరిపోతుంది, రాకపోతే వెలుగుతుంది.

మా తమ్ముడు నా పెట్టెలోంచి వజ్రాలు ఎత్తుకుపోతున్నాడని, రెండు మీటలూ వేస్తేనే తెరుచుకునే ఇనప తలుపు పెట్టాలనుకున్నా. ఒక మీట ఈ గదిలో, ఇంకో మీట పై అంతస్తులో. ఒక్కో మీట దిమ్మకి ఒక్కో టార్చ్ తగిలించా. ఆ రెండు టార్చ్‌ల నుంచి పొడి చల్లుకుంటూ వచ్చి ఒకే వరసలో కలిపేశా. ఆ వరసని మూడో దిమ్మకి చేర్చి, దానికి మూడో టార్చ్ పెట్టా. దాని పక్కనే తలుపు.

ఏ ఒక్క మీట వేయకపోయినా దాని టార్చ్ వెలుగుతూనే ఉంటుంది, వరసలో కరెంటు ఉంటుంది, కాబట్టి మూడోది ఆరిపోయి ఉంటుంది, తలుపు మూసే ఉంటుంది. రెండూ వేస్తే రెండు టార్చ్‌లూ ఆరిపోయి, వరసలో కరెంటు పోయి, మూడోది వెలిగి తలుపు తెరుచుకుంటుంది. ఇది నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు కట్టా. ఎవరూ చెప్పలేదు. అంటే, యూట్యూబ్‌లో వేరే తలుపు చూసి మార్చుకున్నా.

#6 ఫిజిక్స్_మాస్టారు (హనుమకొండ, జూనియర్ కాలేజీ)

తమ్ముడూ, నువ్వు కట్టింది మూడు నార్ గేట్లతో (ఏ వైపు నుంచీ కరెంటు రాకపోతేనే వెలిగేవి) ఆండ్ గేట్ (రెండూ వేస్తేనే పనిచేసేది). డీ మోర్గాన్ సూత్రం. ఇంటర్ సెకండియర్‌లో సెమీకండక్టర్ల పాఠం చివర లాజిక్ గేట్లు వస్తాయి, ఈ ఏడాది మీకు చెప్పే ఉంటారు. చెప్పినప్పుడు నీకు ఏమనిపించింది? నిజం చెప్పు.

#7 రెడ్‌స్టోన్_17

నిజం చెప్పాలంటే మొదట గుర్తుపట్టలేదు సార్. బోర్డు మీద 0, 1 పట్టిక వేశారు, నేనూ ఎక్కించుకున్నా. నాట్ గేట్ అంటే టార్చే కదా అని రాత్రి చదువుకుంటుంటే తట్టింది. తర్వాత మిగతావి బట్టీ పట్టాల్సిన పని లేకపోయింది.

#8 ఫిజిక్స్_మాస్టారు

ఇదీ నాకు కావలసిన జవాబు. గట్టు మాస్టారికి కూడా ఇదే చెబుదామనుకున్నా. విషయం వాడి చేతుల్లో ఉంది, పేరు పుస్తకంలో ఉంది. రెండూ ఒకటేనని వాడికి వాడే తెలుసుకునేదాకా ఎవరూ చెప్పలేదు. క్లాసులో మేం ఒక్కమాట అడిగి ఉంటే ఆ రాత్రి దాకా ఆగాల్సిన పని లేదు. ఆటలో చురుకు ఆటలోనే ఉండిపోతుంది అన్నారు మాస్టారూ. ఉండిపోతుంది, నిజమే. బయటికి లాగడం మన పని కాదా?

ఇంకో ఉదాహరణ. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అని రాకెట్లు కట్టి ఎగరేసే గేమ్ ఉంది. ఒక ప్రశ్న వేస్తా, ఇక్కడ అందరూ ఆలోచించండి. ఒకే కక్ష్యలో మీ ముందు ఒక నౌక పోతోంది. దాన్ని అందుకోవాలంటే మీరు ఏం చేయాలి?

#9 బెజవాడ_అమ్మ

స్పీడు పెంచాలి. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

#10 ఫిజిక్స్_మాస్టారు

క్లాసులో 90 మంది చెప్పేదీ అదే మేడమ్, ఎంసెట్‌లో మంచి ర్యాంకులు కొట్టేవాళ్ళు కూడా. స్పీడు పెంచితే మీ కక్ష్య పెద్దదవుతుంది, చుట్టు తిరిగే సమయం పెరుగుతుంది, ముందున్న నౌక ఇంకా ముందుకు పోతుంది. బ్రేకు వేయాలి. అప్పుడు మీరు కిందికి దిగుతారు, చిన్న కక్ష్యలో చుట్టు తొందరగా పూర్తవుతుంది, కింది నుంచి దాన్ని అందుకుంటారు. కక్ష్య చిన్నదైతే వేగం ఎక్కువ అని చెప్పే సూత్రం వాళ్ళందరికీ నోటికొచ్చు. సూత్రం వచ్చి కూడా తప్పు చెబుతారు, ఎందుకంటే దాన్ని ఎప్పుడూ నమ్మాల్సిన అవసరం రాలేదు. గేమ్‌లో ఇంధనం అయిపోయి నౌక అంతరిక్షంలో ఉండిపోయినవాడు మాత్రం తడుముకోకుండా చెబుతాడు. నాకు అలాంటి అమ్మాయి ఒకరు తగిలారు. మార్కులు మామూలే, గ్రావిటేషన్ చాప్టర్‌లో మాత్రం నన్ను ప్రశ్నలతో పరుగు పెట్టించింది.

#11 మైక్_ఆఫ్ (గుంటూరు, బీటెక్)

అమ్మాయిల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతా. పోచింకి అన్న చెప్పిన ఆ ఉచిత హిందీ క్లాసు మాకు లేదు. మైక్ ఆన్ చేసి "హలో" అనగానే ఏమవుతుందో ఏ అమ్మాయినైనా అడగండి. సగంమంది ఆట వదిలేసి నంబర్ అడుగుతారు, మిగతా సగం "వంట చేసుకో" అంటారు. నేను ఎనిమిదో క్లాసులో నేర్చుకున్న మొదటి పాఠం పేరు మార్చుకోవడం, రెండోది మైక్ ఆపేయడం, మూడోది రిపోర్ట్ బటన్ ఎక్కడుందో చూడకుండా నొక్కడం. ఇవీ నేర్చుకున్నవే. ఎవరి లెక్కలోకీ రావు.

మైక్ లేకుండా ఆడాలి కాబట్టి మ్యాప్‌లో గుర్తు పెట్టి చెప్పడం, రెడీమేడ్ మెసేజ్‌లతో సరిపెట్టుకోవడం అలవాటైంది. తర్వాత మా హాస్టల్ అమ్మాయిలం నలుగురం సొంత స్క్వాడ్ పెట్టుకున్నాక నేను మాట్లాడటం మొదలుపెట్టా, ఐజీఎల్‌ని (ఆటలో జట్టుని నడిపే లీడర్‌ని) నేనే. మొదట్లో అందరూ ఒకేసారి "అక్కడ, అక్కడ, చెట్టు దగ్గర, అబ్బా చూడు" అని అరిచేవాళ్ళు. ఏ చెట్టు? ఎరాంగెల్ మ్యాప్ నిండా చెట్లే. స్క్రీన్ పైన దిక్సూచి ఉంటుంది, 0 నుంచి 360 డిగ్రీలు. "185, రాయి వెనక, ఒకడు, హెల్త్ తక్కువ." ముందు దిక్కు, తర్వాత గుర్తు, తర్వాత ఎంతమంది, చివర పరిస్థితి. ఇంతకు మించి ఒక్క మాట ఎక్కువైనా వాళ్ళకి కాలి చప్పుడు వినపడదు. చచ్చినవాళ్ళు అస్సలు మాట్లాడకూడదు, ఇది మా స్క్వాడ్‌లో చట్టం.

ఇప్పుడు కాలేజీలో ప్రాజెక్ట్ మీటింగుల్లో కూర్చుంటే చచ్చినవాళ్ళే ఎక్కువ మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది.

#12 పోచింకి_పోరడు

చివరి లైన్‌కి దండం చెల్లెమ్మా. మిగతాదానికి మాత్రం మా మగాళ్ళ తరఫున తల దించుకోవాలి.

#13 బగ్_రిపోర్ట్ (హైదరాబాద్)

నేను గేమ్ టెస్టింగ్‌లో పనిచేస్తా. మా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు "సార్, నేను కాంకరర్ ర్యాంక్" (బీజీఎంఐలో అన్నిటికంటే పైది) అని మొదలుపెడతారు. దాంతో నాకు పనిలేదు. ఒక్కటే అడుగుతా: "నువ్వు ఆడే గేమ్‌లో ఒక బగ్ (ప్రోగ్రామ్‌లో తప్పు) చెప్పు." చాలామంది "ఒక్కోసారి గోడలోంచి కిందపడిపోతాం సార్" అంటారు. అప్పుడప్పుడూ ఒకడు దొరుకుతాడు: "ఫలానా ఇంటి మెట్ల మీద, బైక్ దిగిన వెంటనే, ప్రోన్ కొడితే (నేల మీద పడుకుంటే) పడతాం. పదిసార్లలో ఏడుసార్లు పడ్డా. బైక్ బదులు జీప్ అయితే పడట్లేదు." ఈ పిల్లవాడికి నేను నేర్పాల్సింది తక్కువే. ఏం చేస్తే వచ్చింది, ఏం రావాల్సింది, ఏం వచ్చింది, ఎన్నిసార్లు, ఏది మారిస్తే ఆగింది. వాడు ఎక్కడ నేర్చుకున్నాడని అడిగితే దాదాపు ప్రతిసారీ ఒకే జవాబు, ఏదో డిస్కార్డ్‌లో (గేమర్లు మాట్లాడుకునే చాట్ యాప్) రిపోర్ట్ పెడితే అక్కడివాళ్ళు "వివరాలు లేకుండా రాకు" అని తిప్పి పంపారట.

అంటే ఆట వాడికి బగ్ ఒక్కటే ఇచ్చింది. రాయడం నేర్పింది ఆ తిప్పి పంపినవాళ్ళు. గేమ్ ఆడటం వేరు, దాని చుట్టూ ఉన్న మనుషులతో పడటం వేరు. రెండోదాంట్లోనే ఎక్కువ నేర్చుకుంటారని నా అనుభవం.

పక్క మాట: ఆడటం వచ్చినంత మాత్రాన గేములు తయారుచేసే ఉద్యోగం రాదు. సినిమాలు చూసినవాడల్లా ఎడిటర్ కాడు కదా.

#14 ఇద్దరి_తండ్రి (కర్నూలు)

ఇంతమంది మంచివే చెబుతున్నారు, మా ఇంట్లోవి కూడా రాసుకోండి. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ ఆపేస్తే మా పెద్దాడు వీపీఎన్ (ఎక్కడి నుంచి వాడుతున్నామో దాచే దారి) అంటే ఏమిటో వారంలో నేర్చుకున్నాడు. 2021లో బీజీఎంఐ వచ్చింది, 2022 జులైలో స్టోర్‌లోంచి తీసేశారు, అప్పుడు ఏపీకే ఫైల్ (స్టోర్ లేకుండా నేరుగా ఎక్కించుకునే యాప్) ఎక్కడ దొరుకుతుందో నేర్చుకున్నాడు. 2023 మేలో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్ళలోపు వాళ్ళకి రోజుకి 3 గంటలే అన్నారు. వాడు వాళ్ళ అమ్మ నంబర్‌కి ఓటీపీ తెప్పించుకుని, వయసు పెద్దది పెట్టి, మెసేజ్ డిలీట్ చేయడం నేర్చుకున్నాడు. నెట్‌వర్కింగ్ కోర్సు అనుకోవాలా, అబద్ధాల కోర్సు అనుకోవాలా?

#15 బగ్_రిపోర్ట్

రెండూ అండి 🙂 ఏపీకేల విషయంలో మాత్రం జాగ్రత్త. దొరికినచోటల్లా దించుకుంటే ఫోన్‌లో ఇంకేం దిగుతుందో తెలియదు. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్ అయితే అసలు వద్దు.

#16 డాలస్_దోసె (టెక్సస్)

మా అమ్మాయి రోబ్లాక్స్ (పిల్లలే గేములు, బొమ్మల బట్టలు తయారుచేసుకునే ఆటల వేదిక) పిచ్చిది. పన్నెండో ఏట బొమ్మలకి చొక్కాలు డిజైన్ చేసి అమ్మడం మొదలుపెట్టింది. మొదటి అమ్మకం కాగానే పరిగెత్తుకొచ్చి "అమ్మా, నేను 10 రోబక్స్ (ఆటలో డబ్బు) పెట్టా, 7 వచ్చింది, 3 ఎవరో తీసేసుకున్నారు" అని ఏడుపు. ఎవరో కాదు, అమ్మకం మీద కంపెనీ కోసుకునే 30 శాతం. మా ఆయన జీతం కాగితం తీసి చూపించి "నాదీ ఇంతే" అన్నారు. ఆ తర్వాత ధర పెట్టే ముందే కోత పోగా ఎంత మిగులుతుందో చూసుకుని పెడుతోంది. లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ కూడా కొంచెం నేర్చుకుంది, తలుపు తాకితే తెరుచుకోవడం లాంటివి.

ఎవరో "ట్రేడ్ చేద్దాం, ముందు నువ్వు పంపు" అంటే పంపించి పోగొట్టుకుంది. వాడు బ్లాక్ చేసి మాయం. మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

#17 రెడ్‌స్టోన్_17

అది అందరికీ ఒకసారి అవుతుంది ఆంటీ. మా క్లాసులో ఒకడు "యూసీ (బీజీఎంఐలో వాడే డబ్బు) సగం ధరకే" అన్న లింక్ నొక్కి ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చేశాడు. రెండేళ్ళు ఆడిన అకౌంట్ పోయింది. ఇప్పుడు వాళ్ళ తాతయ్యకి "మీ కేవైసీ అయిపోయింది" అని ఫోన్ వస్తే వీడే లాక్కుని పెట్టేస్తాడు.

#18 గోదారి_గట్టు

అందరివీ చదివాను. మంచి విషయాలే ఉన్నాయి, కాదనను. ఒక ముఖ్యమైన పాఠం మాత్రం అందరూ దాటేశారు. జూదం.

ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది. అయితే అది ఆపింది డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటల్ని. పిల్లలు ఆడే ఆటల్లో డబ్బు పెట్టి పెట్టె కొంటే డబ్బు రాదు, తుపాకీకి రంగు వస్తుంది. అదీ వస్తే వస్తుంది. మా మనవడు ఆ పెట్టె తెరిచేటప్పుడు నేను పక్కనే కూర్చుని చూశాను. పెట్టె ఊగుతుంది, వెలుగు వస్తుంది, బంగారు రంగు వచ్చినట్టే వచ్చి చివరి క్షణంలో పక్కకి జారిపోతుంది. తిరునాళ్ళలో లాటరీ చక్రం తిప్పేవాడు చేసే పనే, ఇంకొంచెం నున్నగా. బెల్జియం 2018లోనే ఇలాంటి కొన్ని పెట్టెల్ని జూదమని తేల్చి ఆపించింది. మరి మన పిల్లలు దీన్నుంచి ఏం నేర్చుకుంటున్నారు?

#19 ఫిజిక్స్_మాస్టారు

మాస్టారూ, దీనికి చప్పట్లు. నేను దీన్నే క్లాసుకి తీసుకెళ్ళా. "ఒక పెట్టెలో మంచి స్కిన్ (తుపాకీకి రంగు) వచ్చే అవకాశం 1 శాతం. 100 పెట్టెలు తెరిస్తే వస్తుందా?" ముప్పావు వంతు మంది "ఖాయంగా వస్తుంది" అన్నారు.

ఒక్క పెట్టెలో రాకపోయే అవకాశం 0.99. వందసార్లూ రాకపోయే అవకాశం 0.99ని వందసార్లు హెచ్చవేస్తే దాదాపు 0.37. అంటే వందమంది తలా వంద పెట్టెలు తెరిస్తే 37 మంది ఉత్త చేతులతో మిగులుతారు. బోర్డు మీద ఇది చూడగానే వెనక బెంచీల్లో ఒక్కసారిగా గొడవ. ఒకడు లేచి "అందుకేనా సార్ నాకు రాలేదు" అన్నాడు. ప్రాబబిలిటీ పాఠంలో పాచికలు, నాణేలు ఎగరేసినప్పుడు ఎవడూ లేవలేదు.

#20 రెడ్‌స్టోన్_17

సార్, కొన్ని గేముల్లో పిటీ ఉంటుంది. గెన్షిన్ ఇంపాక్ట్ అనే గేమ్‌లో ఫైవ్ స్టార్ (అరుదైన బహుమతి) వచ్చే అవకాశం 0.6 శాతమే, కానీ 90వసారికి గ్యారంటీగా ఇస్తారు. మేం శాతం చూడం. 90 సార్లకి ఎన్ని రూపాయలవుతుందో లెక్కేసి, అంత లేకపోతే అసలు మొదలుపెట్టం. మధ్యలో వస్తే బోనస్.

#21 గోదారి_గట్టు

బాబూ, ఇది జూదరి లెక్క కాదు, షాపుకారు లెక్క. బాగుంది. మీ స్నేహితులందరూ ఇలాగే ఆగుతారా?

#22 రెడ్‌స్టోన్_17

ఆగరు సార్. నాకు డబ్బులు లేవు కాబట్టి ఆగుతున్నా.

#23 నెట్‌సెంటర్_రోజులు (హైదరాబాద్)

ఆలస్యంగా వచ్చా. మా కాలంలో కౌంటర్ స్ట్రైక్ 1.6 (రెండు జట్ల తుపాకుల ఆట), అమీర్‌పేట నెట్ సెంటర్‌లో పది కంప్యూటర్లు కలిపి. ఒక సంగతి చెబుతా.

అందులో ప్రతి రౌండుకీ డబ్బు వస్తుంది, దాంతో తుపాకులు కొనాలి. మొదలు 800. ఏకే 2500, ఎం4 3100, ఏడబ్ల్యూపీ 4750. వరసగా ఓడారనుకోండి. జట్టులో నలుగురి దగ్గర తలా 1500 ఉంది, నీ దగ్గర మాత్రం 3500 ఉంది. నువ్వు కొంటావా? కొత్తవాడు కొంటాడు. వాడొక్కడి చేతిలో మంచి తుపాకీ, మిగతా నలుగురి చేతిలో పిస్తోళ్ళు. ఆ రౌండు పోతుంది, వాడి తుపాకీ ఎదుటివాడికి పోతుంది. మళ్ళీ రౌండుకి నలుగురి దగ్గర డబ్బులుంటే వాడి దగ్గర ఉండవు. అందుకే ఎకో రౌండు. డబ్బున్నా అందరూ ఆగాలి, తెలిసి తెలిసి ఒక రౌండు వదులుకోవాలి. వచ్చే రౌండులో ఐదుగురూ కలిసి కొనాలి.

పదహారేళ్ళ కుర్రాళ్ళకి, అందులోనూ గంటకింత అని లెక్కపెట్టి ఆడేవాళ్ళకి, కావాలని ఓడిపోవడం ఎంత కష్టమో తెలుసా? కొనేసినవాడిని నెట్ సెంటర్ అంతా తిట్టేది. ఏ కంప్యూటర్ నేర్పింది దీన్ని? పక్క కుర్చీలో కూర్చున్న సీనియర్ నేర్పాడు, నెత్తిన ఒకటి వేసి. పైన టెస్టింగ్ బ్రదర్ చెప్పిన మాటే ఇది.

#24 సైకాలజీ_స్టూడెంట్ (విశాఖపట్నం)

బగ్_రిపోర్ట్ గారి మాటకి దగ్గరగా ఒక పరిశోధన ఉంది. విస్కాన్సిన్ యూనివర్సిటీలో కాన్‌స్టాన్స్ స్టైన్‌క్యూలర్, షాన్ డంకన్ 2008లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆటగాళ్ళు ఫోరంలో రాసుకున్న దాదాపు 2,000 పోస్టుల్ని ఒక్కొక్కటీ విడదీసి చూశారు. వాటిలో 86 శాతం కబుర్లు కావు, కలిసి ఒక విషయాన్ని తేల్చుకునే ప్రయత్నాలు. ఏ మంత్రం ఎంత దెబ్బ కొడుతుందో అంకెలతో వాదించడం, ఎదుటివాడి లెక్కలో తప్పు పట్టడం, కొత్త ఆధారం వస్తే మాట మార్చుకోవడం.

చూపు చురుకు మీద కూడా ఉంది. 2003లో షాన్ గ్రీన్, డాఫ్నీ బవెలియర్ యాక్షన్ గేములు ఆడేవాళ్ళు ఒకేసారి ఎక్కువ వస్తువుల మీద దృష్టి పెట్టగలుగుతున్నారని నేచర్ పత్రికలో రాశారు. అది చదువుకీ బతుక్కీ ఎంతవరకు పనికొస్తుందన్న దాని మీద ఇప్పటికీ వాదనలే. ఆ విషయంలో హెడ్మాస్టారి అనుమానానికి చాలామంది పరిశోధకుల తోడుంది.

#25 ఇద్దరి_తండ్రి

ఆ 2,000 పోస్టులు రాసినవాళ్ళు అసలే రాసే అలవాటున్నవాళ్ళు కదా. లక్షలమంది ఆడితే రాసేది కొందరే. మా వాడు ఒక్క ముక్క రాయడు, రీల్స్ చూస్తాడు. వాడి గురించి ఆ లెక్క ఏం చెబుతుంది?

#26 సైకాలజీ_స్టూడెంట్

ఏమీ చెప్పదండి. సరైన ప్రశ్న వేశారు. ఆడితే ఇలా అవుతారని ఆ పేపర్‌తో చెప్పలేం, ఆ చర్చల్లో దిగినవాళ్ళు ఏం చేస్తున్నారో మాత్రం చెప్పగలం.

#27 గోదారి_గట్టు

నా మనవడు కూడా రాసే రకం కాదు. కానీ నిన్న ఇది చదివాక వాడిని కూర్చోబెట్టి అడిగాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ (రాజ్యం కట్టి యుద్ధాలు చేసే ఆట) రెండోది ఆడతాడు. 2022లో అందులో మన దేశపు రాజ్యాలు కలిపారట, ద్రావిడులు, బెంగాలీలు, గూర్జరులు. రాజేంద్ర చోళుడి కథ ఒకటి ఉందట. వాడు నాకు శ్రీవిజయం (సుమత్రా వైపు సముద్ర రాజ్యం) గురించి చెప్పాడు! ఓడలు ఎటు వెళ్ళాయి, ఏ రేవులు కొట్టారు. తొమ్మిదో తరగతి పిల్లవాడి నోట శ్రీవిజయం పేరు నా ఉద్యోగంలో నేను వినలేదు.

"ఆ రాజేంద్ర చోళుడి అల్లుడు ఎవరో తెలుసా?" అన్నాను. తెలియదన్నాడు. మన రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు. నన్నయ్య చేత భారతం మొదలుపెట్టించినవాడు. వీడు రోజూ స్కూలుకి వెళ్ళే ఊరి రాజు. "అయితే మన ఊరు కూడా గేమ్‌లో ఉండాలి కదా" అన్నాడు. లేదు. ఇంకో సంగతి, ఆ ఆటలో పన్ను కట్టలేక పారిపోయే రైతు ఉండడు. గొర్రెలు, కట్టెలు, బంగారం, ఏనుగులు. పెంచు, కొట్టు. రాజ్యమంటే అంతే అనుకుంటే ప్రమాదమే. ఆ మాటా వాడికి చెప్పాను. విన్నాడో లేదో.

#28 బెజవాడ_అమ్మ

ఇంత వస్తుందనుకోలేదు. ఒక సలహా కావాలి. మా వీధిలో వేసవికి "గేమింగ్ స్కిల్స్ కోర్సు, సర్టిఫికెట్‌తో" అని బోర్డు పెట్టారు. చేర్పించనా?

#29 బగ్_రిపోర్ట్

వద్దు మేడమ్. ఆ సర్టిఫికెట్ ఎవరూ అడగరు. మైన్‌క్రాఫ్ట్ ఆడుతున్నాడు కదా, వాడు కట్టినదేదో ఒకటి ఎలా కట్టాలో ఎనిమిదో తరగతి పిల్లలకి అర్థమయ్యేలా తెలుగులో రాయమనండి, స్క్రీన్‌షాట్లతో. ఇక్కడ పెట్టమనండి. అర్థం కానిచోట మేం తిప్పి పంపుతాం.

#30 నెట్‌సెంటర్_రోజులు

నెత్తిన వేసే బాధ్యత నాది.

#31 ఫిజిక్స్_మాస్టారు

రెడ్‌స్టోన్ తమ్ముడూ, ఆ రెండు మీటల తలుపు ఫైల్ నాకు పంపగలవా? లాజిక్ గేట్లు చెప్పే రోజు ల్యాబ్‌లో పిల్లల చేత మీటలు వేయించి చూపిద్దామని. మా కంప్యూటర్లు పాతవి, ఏది నడుస్తుందో చూడాలి.

#32 రెడ్‌స్టోన్_17

మైన్‌క్రాఫ్ట్‌లో రెండు రకాలున్నాయి, జావా ఎడిషనా, బెడ్‌రాకా సార్? రెడ్‌స్టోన్ రెండింట్లో అచ్చంగా ఒకేలా పనిచేయదు. టార్చ్‌ల తలుపుకి ఇబ్బంది లేదుగానీ నేను తర్వాత దానికి పిస్టన్లు (దిమ్మల్ని తోసేవి) కలిపా, అవి బెడ్‌రాక్‌లో తేడా చేస్తున్నాయి. ఏదో చెబితే దానికి తగ్గట్టు మళ్ళీ కట్టి పంపిస్తా.